పాటకు పద్దు ఎక్కడ?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే కళాకారుడు కేంద్రం సాయం కోరాలంటే జౌళి శాఖలోని హస్తకళల విభాగాన్ని ఆశ్రయించాలి. ఆ వీణ కొనుక్కుని కచేరీలు చేసే విద్వాంసురాలు సాంస్కృతిక శాఖ తలుపు తట్టాలి. అదే వీణతో సొంత బాణీలు కట్టి, ఆల్బం రికార్డు చేసి, యూట్యూబ్‌లో, స్పాటిఫైలో పెట్టి దాని మీదే బతకాలనుకునే పాతికేళ్ల కుర్రాడు మాత్రం వినోద పరిశ్రమ లెక్కలోకి వస్తాడు. అంటే సమాచార, ప్రసార శాఖ పరిధి. అక్కడ సినిమాకు, యానిమేషన్‌కు, గేమింగ్‌కు దొరికినంత చోటు పాటకు దొరకలేదు.

వీణ ఒక్కటే, శాఖలు మూడు. పరిపాలన సౌలభ్యం కోసం చేసుకున్న విభజన అనుకుందాం. కానీ సంగీతాన్ని నమ్ముకున్న మనిషి జీవితం శాఖలవారీగా ఉండదు. పొద్దున పిల్లలకు పాఠం చెప్పి, సాయంత్రం పెళ్లిలో వాయించి, రాత్రి స్టూడియోలో సొంత పాటకు ట్రాక్ వేసుకునేది ఒకే మనిషి. ప్రభుత్వ గ్రాంటు ఆ మనిషిలో గురువును గుర్తుపడుతుంది, శిష్యుణ్ని గుర్తుపడుతుంది, సంస్థ నిర్వాహకుణ్ని గుర్తుపడుతుంది, వయసు మళ్లి చితికిపోయాక పేద కళాకారుణ్నీ గుర్తుపడుతుంది. తన పాటను తానే నిలబెట్టుకునే స్వతంత్ర సంగీతకారుణ్ని మాత్రం గుర్తుపట్టదు. సమస్యంతా ఇక్కడే ఉంది.

ఉన్న పథకాలను తక్కువ చేయనక్కర్లేదు. కళా సంస్కృతి వికాస్ యోజన అనే గొడుగు కింద కేంద్ర సాంస్కృతిక శాఖ చాలా నడుపుతోంది. 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసుండి, గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకున్నవారికి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తారు. దేశం మొత్తం మీద ఏటా 400 మందికి మించదు. సంగీతం, నాట్యం, నాటకం, చిత్రకళ అన్నీ ఆ 400లోనే సర్దుకోవాలి. పాతిక దాటినవారికి నెలకు 10,000 రూపాయల జూనియర్ ఫెలోషిప్, నలభై దాటినవారికి 20,000 రూపాయల సీనియర్ ఫెలోషిప్ ఉన్నాయి. వీటి గడువూ రెండేళ్లే, ఉద్దేశం పరిశోధన. ఈ వ్యవహారాలు చూసే సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రానికి (సీసీఆర్‌టీ) హైదరాబాద్ మాదాపూర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. గురు శిష్య పరంపర పేరిట ఇచ్చే రెపర్టరీ గ్రాంటులో గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా అందుతుంది. అరవై దాటి, ఏడాదికి 72,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కళాకారులకు నెలకు గరిష్ఠంగా 6,000 సాయం. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంటున్న వయొలిన్ విద్యార్థికి, పల్నాడులో నాదస్వరం నేర్చుకుంటున్న పిల్లవాడికి ఇవి నిజంగా పనికొచ్చేవే. చాలామందికి వీటి సంగతే తెలియదు. తెలిసేసరికి వయసు దాటిపోతుంది.

పాతికేళ్లకు శిక్షణ ముగిసి, అరవై ఏళ్లకు పేదరికం రుజువయ్యే దాకా మధ్యలో ముప్ఫై అయిదేళ్లు ఉన్నాయి. కళాకారుడు పని చేసే వయసంతా అదే. ఆ వయసులో వాయించడానికి, పాట కట్టడానికి, రికార్డు చేయడానికి, ఊరూరా తిరిగి వినిపించడానికి డబ్బు కావాలంటే ముందున్న ప్రధాన దారి సాంస్కృతిక కార్యక్రమాలకు, ప్రదర్శనల నిర్మాణానికి ఇచ్చే గ్రాంటు. సాధారణంగా 5 లక్షల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు ఇస్తారు. అయితే దరఖాస్తు చేయాల్సింది వ్యక్తి కాదు, లాభాపేక్ష లేని సంస్థ. సొసైటీయో ట్రస్టో రిజిస్టరై మూడేళ్లు నిండాలి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య ఉండాలి. ఆడిట్ చేయించిన లెక్కలు, వార్షిక నివేదికలు, కార్యవర్గ సభ్యుల జాబితా, పాన్, సంస్థ పేరిట బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచుకోవాలి. ఖర్చులో నాలుగో వంతు సంస్థే పెట్టుకోవాలి. మంజూరైన సొమ్ములో 75 శాతం ముందు, మిగిలిన 25 శాతం కార్యక్రమం అయి లెక్కలు ఒప్పజెప్పాక వస్తాయి.

ఈ నిబంధనలు చదువుతుంటే కళ్ల ముందు మెదిలేది ఒక సభ, దానికో కార్యదర్శి, బీరువా నిండా ఫైళ్లు. శతాబ్దం కిందటి సంగీత సభలకు ఈ కొలత సరిపోతుంది. ఇవాళ వరంగల్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒకే గదిలో పాటలు చేస్తున్న గాయని సంస్థ కాదు, కావాలని ఆమెకు లేదు. గ్రాంటు కోసం సొసైటీ పెట్టాలంటే కార్యవర్గానికి సరిపడా మనుషుల్ని వెతకాలి, మూడేళ్లు ఖాళీ లెక్కలు ఆడిట్ చేయించాలి, అందుకు ఎదురు ఖర్చు పెట్టుకోవాలి. పోనీ పెట్టినా, లాభాపేక్ష లేని సంస్థ పేరు మీద తన పాట అమ్ముకుని బతకడం ఎలా? దాంతో చాలామంది అప్పటికే ఉన్న సొసైటీ ఏదో ఒకటి చూసుకుని దాని లెటర్‌హెడ్ మీద దరఖాస్తు పెడతారు. గ్రాంటు వస్తే పేరు సంస్థది, శ్రమ కళాకారుడిది, డబ్బులో వాటా ఎంతన్నది మధ్యవర్తి దయ. ఫైలు రాసిపెట్టి కమీషన్ పుచ్చుకునేవాళ్లు పుట్టుకొచ్చింది ఈ సందులోంచే.

అసలు కష్టం డబ్బు వచ్చాక మొదలవుతుంది. ఒక డప్పు బృందం గ్రాంటుతో నాలుగు ఊళ్లలో ప్రదర్శనలు ఇచ్చిందనుకుందాం. పదిహేను మంది మనుషులు, రెండు వ్యాన్లు, అద్దె మైకుసెట్టు, రాత్రి భోజనాలు. వ్యాను డ్రైవరు బిల్లు ఇవ్వడు. మైకుసెట్టాయనకు జీఎస్‌టీ నంబరు ఉండదు. వంటమనిషి నగదే అడుగుతుంది. బృందంలో సగం మందికి బ్యాంకు ఖాతాలున్నా, వాటిలో పడ్డ సొమ్ము పాత అప్పుల కింద జమ చేసుకుంటారేమోనన్న భయంతో చేతికే ఇమ్మంటారు. 5,000 దాటిన ప్రతి చెల్లింపు రసీదుకు రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకోవాలి. చివరికి చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించిన ఖర్చుల పట్టిక, కేంద్ర ఆర్థిక నిబంధనల ప్రకారం 12-ఎ ఫారంలో వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. వేదిక మీద మంత్రిత్వ శాఖ పేరున్న బ్యానరు ఫొటోలో కనపడాలి. ఇందులో ఒక్కటి లోపించినా మిగిలిన పాతిక శాతం ఆగిపోతుంది. ఈలోగా డప్పు చర్మం మార్చడానికి తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

లెక్కలు అడగొద్దని ఎవరూ అనరు. అది ప్రజల పన్ను డబ్బు. కాగితాల మీద మాత్రమే బతికే సంస్థలు గ్రాంట్లు మింగిన ఉదంతాలు ఈ దేశంలో తక్కువేమీ కాదు కాబట్టే నిబంధనలు బిగిశాయి. ఒకప్పుడు సంస్థానాధీశుల పోషణ ఉండేది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును అధ్యక్షుడిగా కూర్చోబెట్టింది ఆ పోషణే. దానికి వినియోగ ధ్రువపత్రాలు లేవు, నిజమే. కానీ అది ప్రభువు అభిరుచి మీద, ఆస్థానంలో ఉన్న పరిచయాల మీద ఆధారపడేది. డప్పు కొట్టేవాడికి ఆ ద్వారం తెరుచుకోలేదు. నిబంధనతో వచ్చే గ్రాంటు అంతకన్నా గొప్పది, ఎందుకంటే అర్హత ఉన్న ఎవరైనా అడగవచ్చు. అందుకే ఆ అడిగే దారి అందరూ నడవగలిగేలా ఉండాలని పట్టుబట్టాలి. 5 లక్షలకూ 5 కోట్లకూ ఒకే తూకపు కాగితాలు అడిగితే చిన్నవాళ్లు తప్పుకుంటారు, ఫైళ్లు నడపడం తెలిసినవాళ్లే మిగులుతారు.

ఇంకో వివక్ష ఉంది, దీన్ని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. శాస్త్రీయ, జానపద కళాకారుల ప్రదర్శనకు పారితోషికం 1.5 లక్షల వరకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది. మంచి నిర్ణయమే. దాన్నిబట్టి ప్రభుత్వ దృష్టిలో సంగీతం ప్రధానంగా ఈ రెండు రకాలేనని కూడా తెలుస్తోంది. స్కాలర్‌షిప్‌కు గురువు ధ్రువపత్రం కావాలి. మరి ఇంట్లో కంప్యూటరు మీద నేర్చుకుని తెలుగులో ర్యాప్ రాస్తున్న అమ్మాయికి గురువెవరు? గిటారు పట్టుకుని సొంత పాటలు పాడే బృందాన్ని ఏ వర్గంలో వేస్తారు? 2021లో ‘బుల్లెట్టు బండి’ పెళ్లి బరాతులన్నిటినీ ఊపేసింది. అది సినిమా పాట కాదు. తెలంగాణలో జానపద బాణీతో కొత్త పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టే చిన్న చిన్న బృందాలు ఇవాళ జిల్లాకు ఎన్నో ఉన్నాయి. సినిమా నీడ లేకుండా తెలుగు పాట తన కాళ్ల మీద నిలబడగలదని అవి చూపిస్తున్నాయి. అది సంప్రదాయమా, వ్యాపారమా అన్న తర్కంలో పడి ప్రభుత్వం రెండు చేతులూ ముడుచుకుంది.

కెనడా ఈ తర్కంలో పడలేదు. అక్కడ 1982లో ప్రైవేటు రేడియో సంస్థలు కలిసి ఫ్యాక్టర్ అనే సంస్థ పెట్టాయి. తర్వాత ఫెడరల్ ప్రభుత్వం కూడా దానికి డబ్బు సమకూర్చింది. పాట రికార్డింగ్‌కు, వీడియోకు, ప్రచారానికి, పర్యటనకు కళాకారుడు సొంత పేరుతోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఖర్చులో కొంత భాగం తాను పెట్టుకోవాలి, లెక్కలూ చూపాలి. రేడియోలు తమ ఆదాయంలోంచి దేశీయ సంగీతానికి ఇంత ఇవ్వాలన్నది లైసెన్సు షరతుల్లోనే ఉంది. బ్రిటన్‌లో స్వతంత్ర సంగీత సంస్థలు తమ కళాకారుల్ని విదేశాల్లో పరిచయం చేయడానికి 5,000 నుంచి 50,000 పౌండ్ల దాకా ఎగుమతి గ్రాంటు పొందుతాయి. పాట అమ్ముకోవడం అక్కడ అనర్హత కాదు. అమ్ముకోగలిగే స్థితికి చేర్చడమే గ్రాంటు లక్ష్యం. మన ఎఫ్ఎం స్టేషన్లు కూడా ఏటా ప్రభుత్వానికి ఆదాయంలో వాటాగా రుసుము కడుతున్నాయి. పొద్దస్తమానం అవి వేసేది సినిమా పాటలే. ఆ రుసుములో చిన్న భాగాన్ని సినిమాయేతర పాటల నిధిగా మళ్లిస్తే ఖజానాకు వచ్చే లోటు లేదు.

సంగీతాన్ని వ్యాపారంగా నడిపేవారికి, అంటే స్టూడియో, చిన్న లేబుల్, వాయిద్యాల దుకాణం పెట్టుకునేవారికి, గ్రాంటు అన్న పేరుతో కాకపోయినా ఒక దారి ఉంది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద సేవారంగ యూనిట్‌కు 20 లక్షల వరకు, తయారీ యూనిట్‌కు 50 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకుంటే పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం సబ్సిడీ వస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు ఇది 25, 35 శాతం. సొంత వాటా సాధారణ వర్గానికి పది శాతం, ప్రత్యేక వర్గాలకు ఐదు శాతం. మిగతాది బ్యాంకు రుణం. సబ్సిడీ సొమ్ము మూడేళ్లు బ్యాంకులోనే ఉండి, తర్వాత రుణంలో సర్దుబాటవుతుంది. చిక్కల్లా బ్యాంకు మేనేజరు దగ్గర వస్తుంది. పిండిమిల్లు ఆదాయం ఆయనకు అర్థమవుతుంది, రికార్డింగ్ గది ఆదాయం అర్థం కాదు. చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు చేయించుకుని, ఇప్పటిదాకా చేసిన పనుల ఇన్‌వాయిస్‌లు, యూట్యూబ్ ఆదాయం పడ్డ ఖాతా స్టేట్‌మెంట్ ముందు పెడితే మాట వినే అవకాశం ఎక్కువ. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో 20 లక్షల వరకు గ్రాంటు ఉన్నా, అది కొత్త సాంకేతికత ఉన్న కంపెనీలకు ఉద్దేశించింది. సొంత పేరుతో నడిచే ఏకవ్యక్తి సంస్థకు ఆ గుర్తింపు రాదు. పీఎం విశ్వకర్మలో 18 చేతివృత్తులున్నాయి, వాయిద్యాల తయారీ అన్న పేరుతో ఒక్కటీ లేదు. 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన బొబ్బిలి వీణను చేసే చేతులు అక్కడ వడ్రంగి పేరుతో నిలబడాలి.

రాష్ట్రాల సంగతికి వస్తే బాధ ఇంకా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆకలి తీర్చే పని అది, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. తెలంగాణ ఉద్యమంలో గొంతెత్తినవారికి జీతం దొరికింది. కానీ ఆ గొంతు ప్రభుత్వ పథకాల ప్రచారానికి అంకితమైంది. పింఛనుకూ జీతానికీ మధ్యన ఉండాల్సింది, అంటే ‘నీకు నచ్చిన పాట చెయ్యి, దానికయ్యే ఖర్చులో మా వాటా ఇదిగో’ అనే మాట, రెండు రాష్ట్రాల్లోనూ గట్టిగా వినపడదు. తెలంగాణ తన సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టింది. జీవితమంతా వీధిలో, సభలో, జనం మధ్య పాడినవాడి పేరు మీద సినిమాయేతర పాటకు ఏటా క్రమం తప్పని గ్రాంటు ఉంటే ఆ గౌరవం నిండుగా ఉండేది.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన భవన నిర్మాణ పనుల్లో కూలీగా కనపడిన వార్త దేశమంతా చదివింది. తప్పెవరిదన్న వాదన అప్పుడే చాలా జరిగింది. నా దృష్టిలో మౌలికమైన విషయం వేరే. ఒక్కసారిగా ఇచ్చే పెద్ద మొత్తం, మెడలో వేసే పతకం కళకు పెట్టుబడి కావు. ఆ కిన్నెర పాటలన్నీ పద్ధతిగా రికార్డు చేయించి, నేర్చుకునే నలుగురు పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చి, ఏడాదికిన్ని ప్రదర్శనలు అని ఒప్పందం చేసుకుని ఉంటే ఆ కోటి కన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం నిలిచేది. టీటీడీ 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టి చేసింది ఇదే. బాణీలు కట్టించింది, పాడించింది, రికార్డు చేయించింది, జీతాలిచ్చింది. ఆ ప్రాజెక్టు గాయకుడు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ స్వరపరిచిన కీర్తనలు ఇవాళ ప్రతి తెలుగింట్లో వినపడుతున్నాయంటే ఆయన ప్రతిభతో పాటు ఆ స్థిరమైన పోషణ కూడా కారణం.

దరఖాస్తు పెట్టబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కొన్ని మాటలు చెప్పాలి. మన వాళ్లు రాసే ప్రతిపాదనల్లో మొదటి రెండు పేజీలు సంగీతం ఎంత గొప్పదో, మన సంస్కృతి ఎంత ప్రాచీనమో ఉంటుంది. కమిటీకి అది తెలుసు. వాళ్లకు కావాల్సింది మీరు చేయబోయే పని ఏమిటి, ఏ తేదీల్లో, ఎక్కడ, ఎవరితో, ఎంతలో అన్నది. బడ్జెట్‌లో ‘ఇతర ఖర్చులు’ అని పెద్ద అంకె వేస్తే అనుమానం అక్కడే మొదలవుతుంది. మృదంగ కళాకారుడికి ఎంత, రికార్డింగ్ గంటకు ఎంత, మిక్సింగ్‌కు ఎంత అని విడివిడిగా రాయండి. కొటేషన్లు జతచేయండి. మీ పని వినిపించే లింకులు మూడు చాలు, మంచివి ఇవ్వండి. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు తెచ్చుకుని ఉంటే ఆ పత్రం ముందు పెట్టండి, దానికి విలువ ఉంది. ప్రతి ప్రదర్శనకూ ఒప్పందం, రసీదు, ఫొటో, పత్రిక కటింగ్ దాచే అలవాటు ఇవాళే చేసుకోండి. పారితోషికం ఫోన్‌పేలోనైనా సరే బ్యాంకు ద్వారానే తీసుకోండి. సంస్థ పెట్టక తప్పదనుకుంటే ఒంటరిగా కాదు, మీ జిల్లాలో పదిమంది సంగీతకారులు కలిసి ఒకటే పెట్టుకోండి. గ్రాంటు రాకపోతే కారణం అడగండి. సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే. మీరు రాసిన పాటలకు ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో (ఐపీఆర్ఎస్) సభ్యత్వం తీసుకోండి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత రచయితకు, స్వరకర్తకు రాయల్టీ హక్కు వదులుకోవడానికి వీల్లేనిదిగా మారింది. చాలామంది అది తెలియక వదిలేస్తున్నారు.

ప్రభుత్వాలు చేయాల్సినవి పెద్ద సంస్కరణలేం కావు. లక్ష, రెండు లక్షల లోపు గ్రాంట్లను సొసైటీతో పనిలేకుండా పాన్, ఆధార్, బ్యాంకు ఖాతాతో వ్యక్తికే ఇవ్వాలి. రికార్డింగుకు, ఆన్‌లైన్ విడుదలకు ప్రత్యేక పద్దు పెట్టాలి. దరఖాస్తు తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్, హిందీ రాని బుడగ జంగాల గాయకుడు తన పాటను వివరించడానికి ఇంకొకరి నోరు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం ఏముంది? గ్రామ సచివాలయంలో, మీసేవలో నింపి పంపే వీలు కల్పించడం ఈ రోజుల్లో కష్టం కాదు. గడువు తేదీలు ఏటా ఒకే నెలలో రావాలి. సన్నాయి మేళగాళ్లకు ఆషాఢంలో, మూఢం రోజుల్లో చేతిలో పని ఉండదు. కాగితాలు సిద్ధం చేసుకునే తీరిక అప్పుడే. ఎంపిక కమిటీలో సగం మంది వేదిక మీద, స్టూడియోలో పనిచేస్తున్న సంగీతకారులై ఉండాలి. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరికి ఎందుకు ఇవ్వలేదో వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఆంధ్రప్రదేశ్ సృజనాత్మకత, సంస్కృతి సమితి, తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ తమ బడ్జెట్ ప్రతిపాదనలు పంపేటప్పుడు ఈ ఒక్క పద్దు, స్వతంత్ర సంగీతకారుడి పేరు మీద చిన్న గ్రాంటు, చేర్చమని కోరుతున్నాను. శాసనసభలో పద్దుల మీద చర్చ జరిగే రోజున మీ నియోజకవర్గం ఎమ్మెల్యే దీన్ని అడిగారో లేదో పాఠకులు, పాటగాళ్లు కనిపెట్టి చూడండి. అడగకపోతే మీరే వెళ్లి అడగండి.